ఖాదర్ సార్ సున్నా

మొన్న ఆదివారం పొద్దున పక్కింటివాళ్లు గేటుకు ఎర్ర రంగు వేయించారు. పెయింటరు డబ్బా మూత లేపగానే ఆ ఘాటు వాసన ప్రహరీ దాటి మా వంటింట్లోకి వచ్చింది. టీ వడగడుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా కళ్ల ముందు ఒక బండరాయి, దాని మీద జానెడు ఎర్ర బాణం, ఆ బాణం పక్కన గొంతుక్కూర్చున్న బక్కపలచటి మనిషి కనిపిస్తాడు. ఆయన పేరు ఖాదర్. మేమంతా ఖాదర్ సార్ అనేవాళ్లం. పోయి మూడేళ్లయింది. మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు, చూసినా గుర్తుండే రూపం కాదు. వెలిసిన నీలం చొక్కా, జేబులో రెండు పెన్నులు, నడుముకు ఇనుప టేపు. మా ఆఫీసులో నా నోటికి జడిసి కమిషనరు కూడా ఆచితూచి మాట్లాడేవాడు. అలాంటి నన్ను నోట మాట రాకుండా నిలబెట్టిన మనిషి ఆయనొక్కడే. అదీ ఒకసారి కాదు.

భువనగిరి నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీ మాది. పేరు రాయను. రాస్తే ఇంకో మెమో వస్తుంది, ఉన్నవి చాలు. తెలంగాణ వచ్చి, కొత్త జిల్లాలై, నిన్నటి పంచాయతీ ఇవాళ మున్సిపాలిటీ అయిన కాలం. బోర్డు మారిన ఏడాదిలోనే ఊరికి పొడుగు మీద మోజు పుట్టింది. పెంకుటిళ్లు కూలి అయిదంతస్తులు లేచాయి. నేను బీఎస్సీ లెక్కలు చదివి, నక్షాలు గీయడం నేర్చుకుని, టౌన్ ప్లానింగ్ విభాగంలో చేరాను. ఆ విభాగం అంటే ఒక గది, రెండు బల్లలు, నేను, ఖాదర్ సార్. ఆయన సూపర్‌వైజరు. నా మొదటి రోజే ఆయన బల్ల అద్దం కింద ఒక ఫొటో చూశాను. దుబాయిలోని బుర్జు, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. అది కట్టేటప్పుడు సార్ జీతం లేని సెలవు పెట్టి రెండేళ్లు అక్కడ పనిచేసి వచ్చాడు. ఊళ్లో అందరూ ఆయన్ను 'బుర్జెక్కిన ఖాదర్' అనేవాళ్లు. ఆయన ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు.

చేరిన వారానికే ఆయనతో వాదన పెట్టుకున్నాను. నాకు తెలిసింది చూపించుకోకపోతే నిద్ర పట్టని వయసది. "ఎనిమిదివందల ఇరవై ఎనిమిది మీటర్లు కదా సార్, ఆ బుర్జు?" అన్నాను.

ఆయన ఫైలులోంచి తలెత్తలేదు. "యాడికెళ్లి యాడిదాంక?"

"కింద నుంచి పైదాకా."

"కింద అంటే? పునాది భూమిల ఎంతో లోతుకు పోయింది. అది కలుపుతవా? పైన అంటే? మనిషి ఉండే ఆఖరు గదా, సూది మొననా? సున్నా యాడ పెట్టినవో చెప్పకుంట అంకె చెప్తే అది కొలత గాదు బిడ్డా, గప్పా, ఉత్త కోత."

నేను నిర్ఘాంతపోయాను. పోటీ పరీక్షల కోసం ఆ అంకెను ఎన్నిసార్లు బట్టీ పట్టానో! ఎక్కడి నుంచి అని ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, చల్లారిపోయేదాకా ఆయన చెప్పుకుంటూ పోయాడు. ప్రపంచంలో ఎత్తులను ఖాయం చేసే పెద్దలున్నారు. వాళ్ల లెక్కలో సున్నా, బయటి గాలి తగిలే ముఖ్యమైన వాకిళ్లలో అన్నిటికంటే కిందున్న దాని గడప దగ్గర. అక్కడి నుంచి భవనం కొన దాకా. పైన నిర్మాణంలో భాగంగా కట్టిన సూది ఉంటే కలుపుతారు. టీవీ ఏంటెనానో జెండా కర్రనో నిలబెడితే కలపరు. మలేసియాలో జంట టవర్లు కట్టినప్పుడు రికార్డు వాటికే ఇచ్చారట. అప్పటిదాకా పెద్దదైన షికాగో భవనంలో మనుషులు వాటికంటే ఎంతో పైన కూర్చుని పనిచేస్తున్నారు, నెత్తిన ఏంటెనాలు వాటి కొనలకంటే ఎత్తుగా ఉన్నాయి. అయినా ఓడిపోయింది. వీళ్లవి సూదులు, వాళ్లవి ఏంటెనాలు.

"ఇదేం న్యాయం సార్! మనిషి కూర్చున్న చోటు లెక్కలోకి రాదు, కాకి కూడా వాలని సూది లెక్కలోకి వస్తుందా?"

"గందుకే వాళ్లు తర్వాత మనిషి ఉండే అంతస్తుకు వేరే పట్టీ పెట్టిండ్రు. నువ్వు అప్పుడు లేకపోతివి, ఉంటే ఇంకా ముందే పెడుదురు."

నవ్వకుండా అనేవాడు అలాంటివి. ఇంకో రోజు న్యూయార్కు సంగతి చెప్పాడు. వెనకటి రోజుల్లో ఇద్దరు పోటీపడి కడుతున్నారట. ఒకడు తన సూదిని ముక్కలుగా భవనం లోపలే దాచిపెట్టి, ఎదుటివాడు నేనే గెలిచానని చంకలు గుద్దుకునేదాకా ఆగి, అప్పుడు గంటన్నరలో పైకి లేపి నిలబెట్టాడట. నేను నోరు తెరుచుకుని విన్నాను. సార్ మాత్రం చెయ్యి కడుక్కుంటూ, "వాళ్లు పొడుగు కనపడాలెనని దాస్తరు. మన ఊళ్లె పొట్టి కనపడాలెనని దాస్తరు. పని ఒక్కటే" అన్నాడు.

ఆ మాట నాకు తర్వాత అర్థమైంది. మా దగ్గర కట్టడం ఎత్తు ఒక హద్దు దాటిందంటే రెండో మెట్లదారి ఉండాలి, చుట్టూ ఫైరింజను తిరిగే జాగా వదలాలి, అగ్నిమాపక శాఖ సంతకం కావాలి. ఆ హద్దుకు జానెడు కింద ఆగితే ఇవేవీ అక్కర్లేదు. అందుకే మా ఊరి భవనాలన్నీ కాగితం మీద ఆ జానెడు కిందే ఆగేవి.

దీనికి సార్ తనదైన పద్ధతి ఒకటి పెట్టుకున్నాడు. ఎవరికైనా అనుమతి ఇస్తే, పునాది తవ్వకముందే జాగా మీదికి వెళ్లి, అక్కడ కదలని దాన్ని ఒకదాన్ని ఎంచుకుని ఎర్ర పెయింటుతో బాణం గీసేవాడు. బాణం మొనే ఆ ఇంటికి సున్నా. కట్టడం పూర్తయ్యాక ఆ మొన నుంచే కొలవాలి. మాది రాళ్ల సీమ కదా, ప్రతి ప్లాటులో ఏదో ఒక బండ నేలలోంచి తల పైకెత్తి ఉంటుంది. "మట్టిని నమ్మకు, ఇయ్యాల ఈడుంటది, రేపు ఆడుంటది. కరెంటు స్తంభాన్ని నమ్మకు. బండను నమ్ము" అనేవాడు. ఆ మాట నేను వేదవాక్కులా పట్టుకున్నాను. నా కొంప ముంచింది కూడా ఆ మాటే.

ఊరి చివర ఒక ఆడపిల్లల హాస్టలు కట్టారు. ఇంటర్ చదివే పిల్లలకు. రోడ్డు నుంచి జాగా పల్లానికి దిగుతుంది. బాణం సారే గీశాడు, నేను వెంట వెళ్లలేదు. ఏడాదిన్నర తర్వాత కట్టడం పూర్తయిందని దరఖాస్తు వచ్చేసరికి ఆయనకు మోకాలు వాచి సెలవులో ఉన్నాడు. నేను వెళ్లాను. ఒక్కదాన్నే మొదటిసారి వెళ్లడం, కొంచెం మిడిసిపాటు కూడా. బండ ఉంది. దాని మీద బాణం ఉంది. సార్ చేతి బాణమే, మొన దగ్గర ఆయన పెట్టే చిన్న చుక్కతో సహా. అక్కడి నుంచి కొలిచాను. హద్దుకు అడుగున్నర తక్కువ వచ్చింది. లోపలంతా తిరిగి చూశాను. కింద సెల్లారులో భోజనశాల, గోడలకు పూల కర్టెన్లు. "బాగున్నాయి" అని యజమానితో అన్నాను కూడా. వచ్చి రిపోర్టు రాసి సంతకం పెట్టాను. పిల్లలు చేరిపోయారు.

సార్ సెలవు నుంచి వచ్చి, పాత ఫైళ్లన్నీ చదివాడు. నా రిపోర్టు దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు.

"తినే రూములో కర్టెన్లున్నయని రాసినవ్."

"ఉన్నాయి సార్. శుభ్రంగా పెట్టుకున్నారు."

"సెల్లారుకు కర్టెన్లెందుకు బిడ్డా?"

గోడకు కర్టెను ఎవరు కడతారు? కిటికీ ఉంటే కడతారు. నేల కిందున్న గదికి కిటికీ ఎందుకు ఉంటుంది? ఇంత చిన్న ప్రశ్న నాకు ఎందుకు తట్టలేదో ఈరోజుకీ తెలియదు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాం. పిల్లలు కాలేజీకి పోయారు, వంటమనిషి గిన్నెలు తోముతోంది. సార్ నేరుగా భోజనశాలకు పోయి ఒక కర్టెను పక్కకు జరిపాడు. దాని వెనక ఇనుప కిటికీ ఉంది. లోపలికి తెరుచుకునే రెక్క. గడియ తీసి లాగాడు. బొళబొళమని ఎర్రమట్టి జారి భోజనాల బల్ల మీద పడింది. మట్టిలో ఒక వానపాము మెలికలు తిరుగుతోంది. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. అది సెల్లారు కాదు. నేల మీద కట్టిన మామూలు అంతస్తు. చుట్టూ మట్టి పోసి పూడ్చేశారు.

"కానీ బండ?" అన్నాను. "బండ మీద మీ బాణమే ఉంది కదా సార్?"

బయటికి వచ్చాం. సార్ బండ చుట్టూ ఒకసారి తిరిగాడు. నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని బండ మొదట్లో పోశాడు. నేలలో పాతుకున్న బండ అయితే నీళ్లు అంచున కాసేపైనా నిలవాలి. ఇక్కడ గుటక వేసినట్టు లోపలికి పోయాయి. సీసా అంతా ఖాళీ అయినా చుక్క నిలవలేదు. ఆయన వాచ్‌మన్‌ని గడ్డపార అడిగాడు. వాపు తగ్గని మోకాలితోనే బండ అంచున తవ్వాడు. మోచేయి లోతుకు పోయాక చెయ్యి పెట్టి ఏదో పట్టి లాగాడు. ఖాళీ సిమెంటు సంచి.

దేవుడు పెట్టిన బండ కింద సిమెంటు సంచి! ఆ బండను జేసీబీతో పెకలించి, ఏడడుగుల మట్టి పోసి, ఆ మట్టి మీద ఎప్పటిలాగే దించారు. బాణాన్ని చెరపలేదు, కొత్తది గీయలేదు. సున్నానే ఎత్తుకెళ్లి పైన పెట్టారు. నేను ఆ బండ మీదే కూర్చుండిపోయాను. న్యూయార్కువాడు సూదిని దాస్తే నోరు తెరిచి విన్నదాన్ని, నా ఊళ్లో ఒక అంతస్తును నేల మింగితే దాని మీద నిలబడి కొలిచి వచ్చాను.

యజమాని కారులో వచ్చాడు. బెదరలేదు సరికదా, నవ్వాడు. "సార్, బండ మీరు సూపిచ్చిందే, బాణం మీరు గీసిందే. మేడమే కొలిచింది. నడుమ నేనేం జేసిన?"

"బండ దేవునిది," అన్నాడు సార్, మట్టి చేతులు దులుపుకుంటూ. "లేపింది నువ్వు. పైన పిల్లలు పండుకుంటున్నరు, ఒక్కటే మెట్లదారి. పొగ లేస్తే యాడికెళ్లి దిగుతరో నువ్వు చెప్పు, నేను పోత."

ఆఫీసుకు తిరిగి వచ్చాం. దారంతా నేను లోలోపల ఒక ఆశ పెట్టుకున్నాను. బాణం ఆయనది, పద్ధతి ఆయనది, పెద్దవాడు, రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఆయనే రిపోర్టు రాసి, తప్పు తన మీద వేసుకుంటాడని. నా చిన్నప్పటి నుంచి విన్న మంచివాళ్ల కథలన్నీ అలాగే ముగుస్తాయి మరి. ఆయన తెల్లకాగితం తీసి నా ముందుకు జరిపాడు.

"రాయి. నీ కొలత తప్పని నువ్వే రాయి."

"నన్ను సస్పెండు చేస్తారు సార్!"

"చేస్తే చేస్తరు."

"బండను నమ్మమన్నది మీరు కాదా? ఇరవైసార్లు చెప్పారు!"

"చెప్పిన. అది నా తప్పు, నా కాయితం నేను రాసుకుంట." ఇంకో కాగితం తీసి తన ముందు పెట్టుకున్నాడు. "నీది నేను రాస్తే నీ మీద ఫిర్యాదైతది. నువ్వు రాస్తే కొలత సరిజేసినట్టయితది. జర సోంచాయించి సూడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత రాతిగుండె మనిషా అనుకున్నాను. ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని ఇద్దరం ఎవరి తప్పు వాళ్లం రాసుకున్నాం. హద్దు దాటి అయిదున్నర అడుగులు. నా కాగితం మూడుసార్లు చింపి రాశాను. ఆయనది నాలుగే వాక్యాలు, తర్వాత చదివాను. 'గుర్తు పెట్టుట నాది. గుర్తు కదలకుండ చూచుట కూడ నాదే. చూడలేదు' అని ఉంది అందులో. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆయనకూ అంతే. రిటైరయ్యే ముందు మచ్చ పడిందని ఆయన ఎన్నడూ అనలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. హద్దు దాటిన పై అంతస్తు ఖాళీ చేసి తాళం వేయాలని నోటీసు వెళ్లింది. అతికించడానికి నేనే వెళ్లాను. గోడకు జిగురు పూస్తుంటే వెనక నుంచి ఒక పిల్ల వచ్చింది. మౌనిక అని, మోత్కూర్ అవతల పల్లె. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. నోటీసు మొత్తం చదివింది.

"గీ కొలతేదో మేం రాకముందు కొలిస్తే అయిపోతుండె కదా మేడం?"

"ఇది మీ ప్రాణాల కోసమే అమ్మా" అన్నాను గంభీరంగా.

"ప్రాణాలు మావే. పరీక్షలు గూడ మావే. నెల రోజులున్నయ్. పైన ఇరవై ఏడుగురం ఉన్నం. మీరు కాయితం అంటువెట్టి పోతున్నరు. మేం యాడికి పోవాలె, అది గూడ రాసిన్రా అండ్ల?"

నోటీసులో అది లేదు. ఏ నోటీసులోనూ ఉండదు. తిరిగి వచ్చి, మండిపడుతూ సార్‌తో చెప్పాను. "చూడండి సార్, మేలు చేస్తే ఎలా మాట్లాడుతుందో! ఇంటికి పంపిస్తారు, బస్సులున్నాయి కదా!" ఆయన అప్పుడు చూసిన చూపు నేను మర్చిపోలేదు. కోపం కాదు. నన్ను అప్పుడే కొత్తగా చూసినట్టు, ఇన్నాళ్లూ ఎవరినో అనుకుని మోసపోయినట్టు చూశాడు. లేచి చెప్పులేసుకున్నాడు. "నడువు."

మూడు రోజులు తిరిగాం. ఇంటింటికీ. కుంటుకుంటూ ఆయన ముందు, గొడుగు పట్టుకుని నేను వెనక. "పరీక్షలయ్యేదాంక ఒక్క అర్ర ఇయ్యి" అని అడుగుతాడు. కొందరు వయసు పిల్లలని భయపడ్డారు. కొందరు కులం అడిగారు. ఒకాయన సార్ పేరు విని తలుపు దగ్గరికి వేశాడు. నేను ఆ తలుపును తన్నబోయాను. సార్ చెయ్యి పట్టి ఆపి, "పక్కిల్లు" అన్నాడు. అంతే. నా నోరు ఆ మూడు రోజుల్లో పనికొచ్చినంత ఎప్పుడూ పనికి రాలేదు, లేకపోతే అన్ని గదులు దొరికేవి కావు. నలుగురిని మా ఇంట్లో పెట్టుకున్నాను. పదముగ్గురు సార్ వాళ్ల మేడ మీదికి వెళ్లారు. వాళ్లావిడ రజియా ఆపా గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టింది.

"పన్నెండుమంది అన్నవ్. పదముగ్గురున్నరు. దుబాయిల గూడ గిట్లనే కొలిచినవా?"

"నువ్వు కోప్పడ్తవని ఒకరిని బయట నిలవెట్టాల్నా?" అన్నాడు సార్. అందరికంటే ముందు ఆపాయే నవ్వింది.

ఆ ఇంట్లోనే ఒక సాయంత్రం నేను పిల్లలకు లెక్కలు చెబుతుంటే మౌనిక ఆయన్ను అడిగింది. "తాతా, బుర్జు మీదికెళ్లి సూస్తే ఏం కనవడ్తది?"

"నాకేం తెలుసు బిడ్డా. నేను ఎక్కలే."

నా చేతిలో సుద్దముక్క విరిగింది. ఇన్నేళ్లు ఒకే గదిలో కూర్చున్నాను! ఊరు ఊరంతా బుర్జెక్కిన ఖాదర్ అంటే నిజమనుకున్నాను.

"రెండేండ్లు కిందనే ఉన్న. నేల మీద గుర్తులుంటయి, ఆ గుర్తు మీద కర్ర నిలవెట్టి పట్టుకునుడు నా పని. పైనోళ్లు దూర్బీనుతోటి నా దిక్కు సూసి కొలుచుకుంటుండ్రి. నేను జరిగితే వాళ్లు జరుగుతరు. ఎండల జరగకుంట నిలవడుడే నా నౌకరి."

"మరి ఊళ్లో వాళ్లతో ఎందుకు చెప్పలేదు సార్?" అని నిలదీశాను.

"ఎవ్వలు అడిగిండ్రు? ఎక్కినవట గదా అన్నరు. ఎక్కినవా అని ఎవ్వలు అడగలే. ఈ పిల్ల అడిగింది, చెప్పిన."

పరీక్షలు అయ్యాయి. పిల్లలు ట్రంకుపెట్టెలు మోసుకుని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లారు. ఇరవై ఏడుగురిలో ఇద్దరు మధ్యలోనే ఇంటికి పోయి పరీక్ష రాయలేదు. వాళ్లకు గది దొరకడం ఆలస్యమైంది. ఆ ఇద్దరి పేర్లు నాకు తెలుసు. అవి నేను మోయాల్సినవే, ఎవరికీ పంచలేను. ఆయన మోకాలు మళ్లీ బాగుపడలేదు. రిటైరయ్యాడు, కొన్నాళ్లకు పోయాడు. నన్ను మెచ్చుకున్న మాట ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర నేనున్నాను. కొలతకు లేజరు వచ్చింది, ఫారం కంప్యూటరులో వచ్చింది. ఎత్తుకు ఒక గడి, అంతస్తులకు ఒక గడి, ఉల్లంఘనకు ఒక గడి. ఏ అంతస్తునైనా ఖాళీ చేయించమని రాయాల్సి వస్తే ముందు పైకి ఎక్కుతాను. ఎందరు పడుకుంటున్నారో తలలు లెక్కపెడతాను. ఎక్కడికి వెళ్తారో అడుగుతాను. దానికి ఫారంలో గడి లేదు కాబట్టి ప్రింటు తీసి పక్కన ఖాళీలో పెన్నుతో రాస్తాను. పద్నాలుగు. తొమ్మిది. ముప్పై ఒకటి. పోయినేడాది పై ఆఫీసు నుంచి వివరణ అడుగుతూ లేఖ వచ్చింది. ఎత్తు గడి పక్కన చేతిరాతతో ఉన్న ఈ అంకె ఏమిటి, ఏ కొలమానంలో ఉంది, అని.

మనుషుల్లో ఉంది, అని జవాబు రాశాను. మళ్లీ ఎవరూ అడగలేదు.